మూడు నెలల ఉమ్మీద్వారీ

1941 ఎండాకాలం. చేవెళ్లలో కిరాణం నడిపే లక్ష్మీనర్సయ్య సేటు కొడుకు రాజేశ్వర్, మొయినాబాద్‌లో భూములు కొలిచే అమీన్ సాబ్ దగ్గర ఉమ్మీద్వారుగా చేరాడు. ఉమ్మీద్వారంటే జీతం లేకుండా పని నేర్చుకునేవాడు. మూడు నెలలయ్యాక పని వచ్చని అమీన్ సనదు రాసిస్తే సర్కారీ నౌకరీకి దారి దొరుకుతుంది. సేటు ఇంట్లో మెట్రిక్ పాసైన మొదటివాడు అతడే.

రెండున్నర నెలలు గడిచినా అమీన్ అతడి చేతికి కలం ఇవ్వలేదు. ముళ్లపొదల్లో, దుక్కిచాళ్లలో కొలతగొలుసు కొస పట్టుకుని నడవడమే పని. రెండో కొస యాదయ్యది. ఇరవయ్యేళ్లుగా గొలుసు లాగుతున్న మనిషి. ఒకసారి చూడవచ్చిన బాపు లక్ష్మీనర్సయ్య, ఇంత చదివి ఎడ్లలెక్క గుంజుడేందని, దీనికన్న దుకాణంల తక్కెడ పట్టినా నాలుగు పైసలొస్తయని ఎద్దేవా చేసి పోయాడు.

చివరి వారం అమీన్ పట్నం పోతూ, సంగయ్య చేనుకూ మగదిక్కు లేని గోపమ్మ చేనుకూ నడుమ హద్దు కొలిచి కాగితం మీద నక్షా గీయమన్నాడు. రాజేశ్వర్ కాలు నేల మీద నిలవలేదు. హద్దు రాయి దగ్గర యాదయ్య ఆగాడు.

"రాయి కింద జర తవ్వి చూద్దాం, చిన్నసేటూ."

"పుస్తకంల గట్ల లేదు. గొలుసు ఎయ్యి."

నక్షా అచ్చు గుద్దినట్లు వచ్చింది. దాని ప్రకారం గోపమ్మ చేనులో రెండు గుంటలు సంగయ్యకు పోయాయి. ఆమె ఏడవలేదు, తిట్టలేదు.

"సదువుకున్నోడు కొలిచినంక ఇగ నేనేమంట బిడ్డా," అని కొంగు దులుపుకుని వెళ్లిపోయింది.

రాజేశ్వర్‌కు యాదయ్య మాట గుర్తొచ్చింది. తెల్లారగానే గడ్డపార పట్టుకుని యాదయ్యను వెంటబెట్టుకుపోయాడు. దారిలో యాదయ్య సంగతి చెప్పాడు. వెనుకటి కొలతల్లో హద్దు రాయి కింద బొగ్గులు పోసి పాతేవారట. రాయిని జరిపేవాళ్లకు బొగ్గుల సంగతి తెలియదట. చేను చేరి రాయి కింద తవ్వితే ఉత్త మట్టి. సంగయ్య వైపు ఆరడుగులు జరిగి తవ్వితే బొగ్గులు.

"నిన్ననే గట్టిగ చెప్పకపోతివేందన్నా?"

"నాకు సనదు లేదాయె. గట్టిగ చెప్తే ఇంటివా?" యాదయ్య నవ్వాడు.

అమీన్ తిరిగొచ్చి నక్షా చూసి మెచ్చుకున్నాడు. సనదు కాగితం తీసి కలం సిరాలో ముంచాడు. నోరు మూసుకుంటే చాలు, నౌకరీ దొరికినట్లే. రాజేశ్వర్ జరిగిందంతా చెప్పేశాడు. అమీన్ నక్షాను నాలుగు ముక్కలు చేసి, సనదు కాగితాన్ని పెట్టెలో పెట్టేశాడు. బొగ్గుల నుంచి మళ్లీ కొలవమన్నాడు. సనదు మాట ఇంకో మూడు నెలలకు చూద్దామన్నాడు.

గోపమ్మ గుంటలు గోపమ్మకు దక్కిన నాడే, కొడుకును ఇంటికి తీసుకుపోవడానికి బాపు కచ్చరం బండి కట్టించుకుని వచ్చాడు. సంగతి విని మండిపడ్డాడు.

"మూడు నెలలు ఎండల పడి ఏం నేర్చినవ్ రా?"

"కొలుసుడు కొంచెం వచ్చింది బాపూ. తెలిసినోళ్లను అడుగుడు ఇంక రాలే. అది నేర్చుకుని వస్త."

లక్ష్మీనర్సయ్య చాలాసేపు కొడుకు పగిలిన మడమల వైపు చూశాడు. తరువాత, అప్పటికే బండిలోకి ఎక్కించిన పక్కచుట్టను తనే కిందికి దించాడు.