కొబ్బరినీళ్లు తాగిన ఎర్ర కారు

ఎదురింటి అంకమ్మ వీధి కుళాయి దగ్గర అన్న మాట ఊరంతా తిరిగి చివరికి నా దాకా వచ్చింది. యలమందయ్య గారి ఎర్ర కారుకి గాలి సోకిందట. వినుకొండ రోడ్డు మీద నడిపే మనిషి లేకుండానే కదిలి, ఆయన భార్య త్రికోటమ్మను గుద్ది మోచెయ్యి విరగ్గొట్టిందట. అంకమ్మ కళ్లారా చూడలేదు గానీ, చూసినవాళ్ల దగ్గర విన్నవాళ్లు చెబితే విన్నదట.

నేను ఒక కారును. ఆ ఎర్ర కారును నేనే.

ఫ్యాక్టరీలో నన్ను రేకుగా పరిచి అచ్చులో వేసి గుద్దారు, నిప్పులు చిమ్ముతూ అతికారు. ఆ దెబ్బల్లో కోపం లేదు. కోపంతో కొట్టడమనేది ఒకటుందని మనుషుల్లోకి వచ్చాకే తెలుసుకున్నాను.

యలమందయ్యకి మిరప చేలో పాత డీజిల్ ఇంజన్ ఒకటుండేది. మొరాయిస్తే పానా తీసుకుని నాలుగు బాదేవాడు, అది దగ్గి దగ్గి లేచేది. దాంతో లోకానికంతటికీ మరమ్మతు ఒకటేనని ఆయనకి స్థిరపడిపోయింది. పడుకున్న ఎద్దుకీ అదే, నీళ్లెత్తని మోటారుకీ అదే, ఎదురు చెప్పిన త్రికోటమ్మకీ అదే.

నన్ను కొన్న రోజున అందరిలా చక్రం ముందు కొబ్బరికాయ కొట్టి ఊరుకుంటే బాగుండేది. కొత్త పంట మొదలుపెట్టినప్పుడల్లా చేలో ఇంజన్‌కి చేసినట్టే నా బానెట్ ఎత్తి, ఇంజన్ మీదే కాయ పగలగొట్టి, ఆ నీళ్లూ చెంబెడు పసుపు నీళ్లూ గుండె మీద కుమ్మరించాడు. డీజిల్ ఇంజన్ మోటుది, దులిపేసుకునేది. నా లోపలున్నవి వెంట్రుకల్లాంటి తీగలు. నెమ్మదిగా చిలుము పట్టాయి. ఇక ఆగడం మొదలుపెట్టాను. సంతలో ఆగాను, రైలు గేటు నడిమధ్య ఆగాను. షోరూమ్ మెకానిక్ ఆ చిలుము చూపించి కారణం చెబితే, దేవుడికి పోసిన నీళ్లు కీడు చేస్తాయా అని యలమందయ్య అతని చొక్కా చించి, గోడకేసి కొట్టాడు.

ఆ ఎండాకాలం మిట్టమధ్యాహ్నం, త్రికోటమ్మ వాళ్లన్న బ్రహ్మయ్య గారింట్లో ఓణీల ఫంక్షన్‌కి పోతున్నాం. రోడ్డు మధ్యలో ఆగిపోయాను. వెనక లారీలు గొంతు చించుకుంటున్నాయి. ట్రాక్టర్ మీద పోయే కుర్రాళ్లు, “మామా, కొత్త కారుకి కాడి కట్టమంటావా?” అని నవ్వుకుంటూ పోయారు.

ఆయన డిక్కీలోంచి జాకీ రాడ్డు తీశాడు. మొదటి దెబ్బకి నా దీపం పోయింది. తర్వాత బానెట్ చొట్టలు పడింది, ముందద్దం పొడిపొడిగా రాలింది. కొట్టేకొద్దీ ఆయనకి ఊపు వచ్చింది. త్రికోటమ్మ దిగి రాడ్డు పట్టుకుంది.

“దాన్నెందుకయ్యా చంపుతావు? నువ్వు పోసిన నీళ్లే కదా దాని కొంప ముంచింది.”

ఆయన ఆగాడు. రాడ్డు దిశ మార్చుకుంది. ఎముక విరిగిన చప్పుడు నా అద్దం పగిలిన చప్పుడు కంటే చాలా చిన్నది. లారీల మోతలో నేను తప్ప ఎవరూ వినలేదు.

ఆసుపత్రిలో యలమందయ్య, కారు దొర్లి మీదికొచ్చిందని చెప్పాడు. ఆడమనిషిని గుద్దిన బండి ఇంట్లో ఉండకూడదని పెద్దలు తేల్చారు. శిక్ష నాకు పడింది.

ఇప్పుడు షోరూమ్ పక్కన పాత బండ్ల వరసలో ఉన్నాను. మొగుడూ పెళ్లాలూ, బ్రహ్మయ్యా కొత్తదాన్ని ఎంచుకోవడానికి వచ్చి, దాన్ని తెప్పించి నా పక్కనే నిలబెట్టించారు. యలమందయ్యకి ఎత్తుగా, నలుగురూ తప్పుకునేలా ఉండాలట. బ్రహ్మయ్య లీటరుకి ఎంత వస్తుందని గుచ్చి గుచ్చి అడుగుతున్నాడు. చెల్లెలి సిమెంటు కట్టు వైపు చూసినప్పుడల్లా చూపు తిప్పేసుకుంటున్నాడు. రాడ్డు గుర్తులు నా ఒంటి మీద వరసగా కనిపిస్తూనే ఉన్నాయి. వాటిని చూసిన షోరూమ్ మనిషి కూడా కళ్లు దించేసుకున్నాడు. దీన్ని తీసేయండి, మనిషిని పొట్టనబెట్టుకునేది అని యలమందయ్య అతనికి నన్ను చూపించి చెబుతున్నాడు.

అంతసేపూ ఆమెనెవరూ అడగలేదు. బేరం కుదిరాక బ్రహ్మయ్య కొత్త కారు ముందు తలుపు తెరిచి పట్టుకున్నాడు.

“ఎక్కమ్మా, బావ పక్కన కూర్చుని చూడు. ఇది ఎక్కడా ఆగదంట.”

త్రికోటమ్మ ఎక్కలేదు. విరగని చేత్తో ఆ తలుపు మూసేసింది.

“నా చెయ్యి ఇరగ్గొట్టింది కారు కాదన్నా, ఈయన. ఏ బండైనా ఏదో ఒకనాడు ఆగుద్ది. ఆగిననాడు ఈయన పక్కన నేనుండను.”