జనవరి దాకా

కేల్డన్ కాలేజీ వాళ్ళు తమ ఫుట్‌బాల్ కోచ్‌ని ఆదివారం పీకేశారు. మంగళవారం పొద్దున వర్లిన్ టాగర్ట్ డయాలసిస్ గదిలోకి వచ్చేసరికి, ఆ ఉద్యోగం ఎవరికివ్వాలన్న పంచాయితీ అప్పటికే మంచి ఊపు మీదుంది.

వర్లిన్ గుమ్మంలో ఒక్క క్షణం ఆగాడు. ఈ గదికి రావడం ఇదే ఆఖరు. రక్తం కడిగించుకోవడం ఇక చాలని వారం కిందటే డాక్టరుతో చెప్పేశాడు. కూతురు లినెట్‌కి తెలుసు. సూదులు గుచ్చే డెనీస్‌కి తెలుసు. కుర్చీల్లో ఉన్నవాళ్ళకి మాత్రం తెలియదు, తెలియకూడదు కూడా. ఈ ఒక్క పూటా వాళ్ళు తనతో ఎప్పటిలాగే పోట్లాడితే చాలు. అంతకుమించి అతనికేం అక్కర్లేదు.

నిర్ణయం తీసుకున్నాడని అనడం కూడా సరికాదేమో. ఒకరోజు పొద్దున్నే ఒక బూటు తొడుక్కుని, రెండోది చేత్తో పట్టుకుని అలాగే మంచం మీద కూర్చుండిపోయాడు. ఆ రెండో బూటు ఎందుకు తొడుక్కోవాలో ఎంత వెతికినా దొరకలేదు. ఏడుపు వస్తుందేమోనని చూశాడు. రాలేదు. వచ్చింది వేరే ఏదో. పడుచుతనం నుంచీ రొట్టెల వ్యాన్ నడిపినవాడు. చివరి దుకాణంలో చివరి ట్రే దించేసి వ్యాన్ తలుపు మూసినప్పుడు భుజాల్లోంచి ఏదో జారిపోయేది, అలాంటిది. దానికి అతను సిగ్గుపడ్డాడు. సిగ్గుపడటం కూడా అలసటగానే ఉంది.

"వచ్చాడండీ ఓపికల దేవుడు," అన్నాడు పక్క కుర్చీలోంచి ఓడెల్ ఫించర్.

ఓడెల్ రైల్వేలో పనిచేసి దిగిపోయినవాడు. చర్చిలో డీకన్, పాస్టర్ ఊళ్ళో లేని ఆదివారం ప్రసంగం కూడా ఆయనదే. గదిలో అందరికీ ఆయన డీకనే. ఇద్దరివీ పక్కపక్క కుర్చీలు, మంగళ గురు శనివారాలు, ఎన్నో ఏళ్ళుగా. బయట ఒకరింటికి ఒకరు వెళ్ళింది లేదు. ఒకసారి కిరాణా దుకాణంలో ఎదురుపడితే, చేతికి గొట్టాలు లేకుండా ఏం మాట్లాడుకోవాలో తెలియక ఇద్దరూ బెదిరిపోయి చెరో వైపుకి సామాన్ల బళ్ళు తోసుకుంటూ పోయారు. ఈ గదిలో మాత్రం ఫుట్‌బాల్ గురించి ఒక్కనాడూ ఇద్దరూ ఒక్కమాట మీదకి రాలేదు. డీకన్ మెషీను ఎప్పుడూ ముందు ఆగుతుంది. కోటు వేసుకుని వర్లిన్ కుర్చీ పక్కనుంచి వెళుతూ, "గురువారానికల్లా నీ తప్పు తెలుసుకుని రా, వర్లిన్," అంటాడు. శనివారమైతే మంగళవారానికల్లా. వర్లిన్ ఇంతకాలం వస్తూ ఉండటానికి ఆ మాట కూడా ఒక కారణం.

డెనీస్ అతని ఎడమచేతికి సూదులు గుచ్చి, గొట్టాలు బిగించి, కాళ్ళ మీద ఆకుపచ్చ దుప్పటి కప్పింది. దాని మీద కాలేజీ గుర్తు, ఒంటికాలి కొంగ. జట్టు పేరు హెరన్స్ అయినా ఊళ్ళో అందరూ కొంగలనే అంటారు. వెళ్ళి ఇంకో దుప్పటి వెచ్చచేసి తెచ్చి పైన కప్పింది. ఎవరికీ రెండో దుప్పటి ఇవ్వరు. డీకన్ చూపు ఆ దుప్పటి మీద కాస్తసేపు ఆగి, మళ్ళీ టీవీ మీదకి పోయింది.

టీవీలో ఇద్దరి ఫోటోలు మార్చి మార్చి వేస్తున్నారు. ఒకడు కెస్లర్, టెక్సాస్‌లో ఓ పెద్ద యూనివర్సిటీలో కోచ్ కింద కోచ్, ఇంకా మీసం సరిగ్గా రాని మొహం. రెండోవాడు ప్రూయిట్. రెండు కాలేజీల్ని గెలిపించి, రెండు చోట్లా గొడవలు తెచ్చిపెట్టి, తరిమించుకున్న ముసలాడు. ఇప్పుడు ఏదో చెరువు పక్కన చేపలు పట్టుకుంటూ ఖాళీగా ఉన్నాడు.

ఎదురు కుర్చీలో మిస్ అర్లీన్, కోర్టులో గుమాస్తాగా చేసినావిడ, కెస్లర్ పక్షం. కుర్రాడు పద్ధతైనవాడనీ, వారంవారం తల్లికి ఫోన్ చేస్తాడనీ ఎక్కడో చదివింది.

"మనకి కావాల్సింది కోచ్ అండీ, అల్లుడు కాదు," అన్నాడు డీకన్. ఆయన ఓటు ప్రూయిట్‌కే. ప్రూయిట్ వస్తే వచ్చే శరత్కాలానికే గెలుస్తాం, తర్వాత కొంప తగలబెట్టిపోతే పోనీ, మంటలోనైనా కాసేపు చలి కాచుకుంటాం అన్నది ఆయన సిద్ధాంతం.

ఇక వర్లిన్ ఏమంటాడో అడగనక్కర్లేదు. తీసేసిన కోచ్‌ని ఇంకో ఏడాది ఉంచాలన్న మనిషి ఊరు మొత్తానికి అతనొక్కడే. అతని మాట గదిలో అందరికీ కంఠతా వచ్చు. డీకన్ గొంతు సవరించుకుని, చర్చిలో చదివినట్టు రాగం తీశాడు: మొదటి ఏడాది ఉన్న పిల్లలతో ఓడతాడు, రెండో ఏడాది తెచ్చుకున్న పిల్లలతో ఓడతాడు, మూడో ఏడాది ఓడటం నేర్పడం మానేస్తాడు, నాలుగో ఏడాది వచ్చి నాతో మాట్లాడండి. అవతలి వరసలో ఎవరో ఆమెన్ అన్నారు. నవ్వులు.

ఈ గదిలో అందరూ అనే ఇంకో మాట డీకన్ పుట్టించింది. ఇక్కడ ఒక్కోసారి ఒక కుర్చీ ఖాళీ అవుతుంది. ఎక్కడికెళ్ళారని ఎవరూ అడగరు. వారం తిరక్కముందే అందులో కొత్త మనిషి చలికి వణుకుతూ కూర్చుని ఉంటాడు. కాలేజీ ఆటగాళ్ళు ఒక జట్టు వదిలి ఇంకో జట్టుకి పోదలుచుకుంటే పోర్టల్లో పేరు వేసుకుంటారు కదా, డీకన్ ఒకసారి ఖాళీ కుర్చీకేసి చూసి, "పోర్టల్లో పేరు వేశాడు," అన్నాడు. అప్పట్నుంచీ అదే మాట స్థిరపడిపోయింది. ఆ మాట అంటే అందరికీ కాస్త నవ్వొస్తుంది, ఆ నవ్వు చాటున ఆ కుర్చీని దాటిపోవచ్చు.

"ఊఁ, కానియ్," అన్నాడు డీకన్. "నీ నాలుగేళ్ళు నువ్వు అడుక్కో."

వర్లిన్ నోరు తెరిచాడు. ఆ పాత వాక్యం నాలుక మీద సిద్ధంగానే ఉంది. అది అనేస్తే సరిపోయేది. అబద్ధం కూడా కాదు, అలవాటు. కానీ మొదటి ఏడాది అనబోయేసరికి, ఆ ఏడాది అతనికి కనిపించింది. ఆటలు మొదలయ్యే సెప్టెంబరు ఎండ, నిండిన స్టేడియం, తన సీట్లో ఇంకెవరో వేరుశనగకాయలు వలుచుకుంటూ. అందులో బాధేం లేదు. మామూలుగా ఉంది. అంత మామూలుగా ఉండటం చూసి ఆ పాత వాక్యాన్ని వదిలేశాడు.

"ప్రూయిట్," అన్నాడు.

గది గొల్లుమంది. మిస్ అర్లీన్, ఇది తప్పకుండా ఎక్కడో రాసిపెట్టాల్సిన రోజంది. వర్లిన్ మందులు ఎవరో మార్చేశారంది. ఇన్నేళ్ళకి డీకన్ ఒక ఆత్మని గెలిచాడని అవతలి వరసలోంచి ఎవరో అన్నారు.

డీకన్ నవ్వలేదు. నీళ్ళకి బదులు చప్పరిస్తున్న ఐసుముక్కని బుగ్గన పెట్టుకుని, తల ఇటు తిప్పాడు.

"ఎందుకూ?"

"ఖాళీగా ఉన్నాడు. పిలిస్తే శుక్రవారానికి ఊళ్ళో ఉంటాడు. ఆ కెస్లర్ జట్టుకి కొత్త సంవత్సరం నాడు ఆటుంది. అది అయ్యేదాకా కదలడు."

"ఐతే?"

"విమానం దిగి, మన టోపీ పెట్టుకుని, మైకు ముందు నిలబడి అందరూ చెప్పే అబద్ధాలే వాడూ చెబుతాడు. నాకు ఆ మొదటి రోజు చాలు."

అని, చాలా ఎక్కువ చెప్పేశానని అప్పుడు అనుకున్నాడు. రెండో దుప్పటి కింద కాళ్ళు ముడుచుకున్నాడు. డీకన్ చావుమంచాల పక్కన చాలా రాత్రులు కూర్చున్న మనిషి. ఎవరు దేని గురించి మాట్లాడుతూ దేని గురించి చెబుతున్నారో ఆయనకి విడమర్చి చెప్పక్కర్లేదు.

"పోర్టలా?" అన్నాడు డీకన్, పక్క కుర్చీకి మాత్రమే వినపడేలా.

వర్లిన్ తన గొట్టంలో ఎర్రగా పోతున్నదాన్ని చూస్తూ ఉండిపోయాడు. కాదనలేదు.

ఇప్పుడేమవుతుందో అతనికి తెలుసు. భార్య మౌరీన్ ఆఖరు రోజులు గుర్తున్నాయి. ఉప్పు దగ్గర్నుంచి ఆకాశం దాకా ప్రతిదానికీ వాదించే మనిషి. ఆసుపత్రిలో నడివేసవిలో, బయట మంచు పడుతోంది కదూ అంది. అందరూ అవునన్నారు. అతనూ అవునన్నాడు. అప్పుడామె అతనికేసి తిరిగి చూసిన చూపుంది. మతి తప్పిన చూపు కాదది. తనతో వాదించడం మానేశారని, అంటే తనని దాటి ముందుకి పోయారని గ్రహించిన చూపు. డీకన్ కూడా ఇప్పుడు మెత్తబడతాడు, అవునంటాడు. వర్లిన్ దానికోసం ఒళ్ళు బిగబట్టుకున్నాడు.

డీకన్ మెత్తబడలేదు. కుర్చీ వీపు నిటారుగా లేపించుకుని, గదంతా వినేలా గొంతు పెంచాడు.

"ప్రూయిట్ పనికిరాడు. నేనొప్పుకోను."

మిస్ అర్లీన్ అల్లుతున్న ఉన్ని ఒళ్ళో పడేసింది. "ఏమయ్యా, ఇందాకటిదాకా వాడేగా నీ మెస్సీయ."

"ఇందాకటిదాకా బుద్ధి లేదు," అన్నాడు డీకన్. ఇక ఆపకుండా మాట్లాడాడు. ఓపికుండాలన్నాడు. చెట్టు నాటిన మర్నాడు కాయల కోసం చూసేవాడు చేతకానివాడన్నాడు. మొదటి ఏడాది, రెండో ఏడాది, మూడో ఏడాది అంటూ వర్లిన్ మాటలే వర్లిన్ మీదకి ఒక్కొక్కటే విసిరాడు. అయితే ఈసారి రాగం లేదు, వెక్కిరింపు లేదు. ఆ మాటలు అంత బాగుంటాయని వర్లిన్‌కి ఎప్పుడూ తెలియదు. నాలుగేళ్ళు ఆగితే ఏం పోయిందన్నాడు డీకన్.

"నాలుగేళ్ళు పెద్దమాట, డీకన్."

"ఐతే సెప్టెంబరు. మొదటి ఆట చూసి మాట్లాడు."

"ప్రూయిట్ అయినా, ఎవడైనా, సెప్టెంబరు ఒకటే. అందులో నాకేముంది?"

మిస్ అర్లీన్ ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. మీ ఇద్దరికీ ఒకరి రక్తం ఒకరికి ఎక్కించారా ఏమిటని డెనీస్‌ని పిలిచి అడిగింది. డెనీస్ నవ్వబోయి, వెనక్కి తిరిగి ఏదో మీట సరిచూసుకుంది. మిస్ అర్లీన్ విసుగొచ్చి కళ్ళు మూసుకుంది.

డీకన్ గొంతు తగ్గించాడు. "సరే, సెప్టెంబరు వద్దు. జనవరి. ఆ కుర్రాడు ఆ ఒక్క ఆట ముగించుకుని వచ్చేస్తాడు. జనవరి ఎంతలోకొస్తుంది, వర్లిన్? జనవరి దాకా ఆగలేవా?"

వర్లిన్ జవాబు వెతికాడు. వెతుకుతున్నానని తెలిసి ఆశ్చర్యపోయాడు. జనవరి. డాక్టరు చెప్పిందాన్ని బట్టి తను ఇక్కడికి రాకపోతే క్రిస్మస్ కూడా దాటడు. వస్తూ ఉంటే జనవరి పెద్ద దూరమేం కాదు. మరికొన్ని మంగళవారాలు, మరికొన్ని సూదులు, కొలిచి తాగే నీళ్ళు. లోపల ఎక్కడో, ఇన్నాళ్ళూ ఏదీ కదలని చోట, కాస్త కదిలింది. అది ఆశేనా, లేక ఓడిపోతున్న మనిషికి ఎదుటివాడి మాట నచ్చడం మొదలైనప్పుడు కలిగే వేడా అన్నది తేల్చుకోలేకపోయాడు. ఇంకొక్క మాట కావాలి. డీకన్ ఇంకొక్కసారి కసురుకుంటే చాలు. తనంతట తాను ఒప్పుకోవడం అతనికి చేతకాదు. ఎన్నడూ చేతకాలేదు.

"చెయ్యి లాగేస్తోంది, డీకన్," అన్నాడు. అది జవాబు కాదు. ఇంకాస్త సమయం అడగడం.

డీకన్ ఆ చేతికేసి చూశాడు. తాడులా ఉబ్బిన నరం, పాత సూదుల మచ్చలు, పక్కన అలాంటిదే తన చెయ్యి. ఐసుముక్క కరిగిపోయినట్టుంది, నోరు ఖాళీగా కదిలింది.

"సరే," అన్నాడు చివరికి. "ప్రూయిట్టే రానీ. నువ్వన్నదే సరి."

ఆ గొంతు వర్లిన్‌కి బాగా తెలుసు. నడివేసవిలో మంచు పడుతోందని ఒప్పుకున్నప్పుడు తన నోట్లోంచి వచ్చింది అదే గొంతు. తను ఓడిపోవడానికే ఇందాకటినుంచీ కూర్చున్నాడని, ఓడించేవాడు చేతులెత్తేశాక గాని అతనికి తెలియలేదు. వాదించు అని అందామనుకున్నాడు. కానీ అడిగి వాదించుకునేది వాదం కాదు, అదీ ఒక రకం దుప్పటే.

డీకన్ మెషీను ముందు ఆగింది. డెనీస్ సూదులు తీసి, గుడ్డముక్క పెట్టి నొక్కి పట్టుకోమంది. డీకన్ నొక్కి పట్టుకున్నాడు, రక్తం ఆగాక కూడా చాలాసేపు. ఆ తర్వాత కోటు తొడుక్కున్నాడు. ఒక చెయ్యి దూర్చి, రెండో చేతికి తావు దొరక్క కాసేపు తడుముకున్నాడు. వర్లిన్ కుర్చీ పక్కకొచ్చి ఆగాడు.

వర్లిన్ కళ్ళెత్తి చూశాడు. గురువారానికల్లా, అని మొదలవ్వాలి. చిన్న మాటే.

డీకన్ దుప్పటి కొంచెం పైకి లాగి, వర్లిన్ పాదం మీద చెయ్యి వేసి, తీసేశాడు. తలుపు దాకా వెళ్ళాడు. తలుపు తెరుచుకుంది, చల్లగాలి వచ్చింది, మూసుకుంది.

మిస్ అర్లీన్ కళ్ళు తెరిచింది. "ఇంతకీ ఎవరు గెలిచారయ్యా?"

"నేనే."

"ప్రూయిట్ మీదే ఉన్నావా ఇంకా?" ఆవిడ దుప్పటి సర్దుకుని అటు తిరిగి పడుకుంది. "గురువారానికి మారుస్తావులే."

"లేదు, మిస్ అర్లీన్," అన్నాడు వర్లిన్. ఆవిడ అప్పటికే నిద్రపోయింది.