అతుకుల తెర

ఇలా నా పక్కకు జరిగి కూర్చోవే బంగారం, గొంతెత్తి చెప్పే కథ కాదిది.

అప్పట్లో మా వీధికి ఆరోగ్య పరిశోధన అంటూ ఒకమ్మాయి వచ్చింది. ఆడవాళ్లకు కెమెరాలిచ్చి, "మీ బతుకు మీరే ఫొటోలు తీయండి, మొహాలు మాత్రం వద్దు" అంది. మీ అమ్మ చేతికీ ఒకటొచ్చింది. ఇక ఆగుతుందా! తడిగోడ, పొగపట్టిన వంటిల్లు, చివరికి నా పగిలిన మడమలు కూడా వదల్లేదు.

ఎదురింటి దర్జీ అక్కకు క్షయ. మందులతో ఇక అంటుకోదని డాక్టరు చెప్పాడు గానీ, వీధికెవరు చెబుతారు? తెలిస్తే ఆమె దగ్గర జాకెట్ ఎవరు కుట్టించుకుంటారు? ఆ మిషనే ఆమెకు కూడు. నాకూ మీ అమ్మకే తెలుసు. ఫొటో తీసుకోనా అని మీ అమ్మ అడిగితే, "మొహం పడదుగా, తీసుకో" అంది. కిటికీలో మందుల అట్ట, దాని మీద ఆమె చెయ్యి.

అందరి ఫొటోలూ వీధికి చూపించే ప్రదర్శన రోజు నేనూ మీ అమ్మా ముందే వెళ్లాం. ఆ ఫొటోను తలుపంత పెద్దది చేసి గోడకు తగిలించారు. అప్పుడు చూశాను. మందుల వెనక కిటికీ తెర! వీధిలోని జాకెట్లన్నిటి మిగులు ముక్కలతో కుట్టుకున్న తెర.

"ఏమే, ఆ పసుపు గళ్లు ఎవరివి?"

"మీవే అత్తయ్యా. పక్కది నాది. కింద పాలావిడది... అయ్యో!"

పరిశోధన అమ్మాయి వచ్చింది. "మొహం లేదు కదమ్మా, ఆవిడే ఒప్పుకున్నారు."

"మొహం పడదని ఒప్పుకుంది తల్లీ. తెర పడుతుందని తనకేం తెలుసు? ప్రతి ఆడదీ తన ముక్క పోల్చుకుంటుంది."

ఆ పిల్ల మళ్లీ ఫొటో కేసి చూసింది. "అయితే ఆవిడను అడిగొస్తా..."

బయట పాలావిడ నవ్వు వినిపించింది. నోట్లో నువ్వుగింజ నానని మనిషి.

"ముందు దించు, తర్వాత అడుగుదువు!" మీ అమ్మ అప్పటికే కుర్చీ ఎక్కింది.

పాలావిడ వచ్చి ఖాళీ మేకు చూసింది. "ఇక్కడేముండేదే?"

"నాదే వదినా, సరిగా రాలేదు."

"నీదెప్పుడు సరిగ్గా వచ్చిందిలే!"

వెంట వచ్చినవాళ్లంతా నవ్వారు. మీ అమ్మా నవ్వింది, గోడకు తిప్పి ఆనించిన ఫొటోకు అడ్డంగా నిలబడి.

దర్జీ అక్క అంతా విని ఒక్కటే అడిగింది. "ఇంకెవరికైనా చూపించారా?" మీ అమ్మ వెళ్లి పరిశోధన అమ్మాయిని పిలుచుకొచ్చింది. ఆ పిల్ల అక్క ఎదుటే ఆ ఫొటో చెరిపేసింది. అయినా చాలాకాలం, ఎవరైనా జాకెట్ గుడ్డ తేవడం ఆలస్యమైతే చాలు, సంగతి పొక్కిందేమోనని మీ అమ్మకు ముద్ద దిగేది కాదు.

అక్కకు నయమైంది. ఊరు మారుతూ, "ఇక చెప్పుకోండి, నా పేరు లేకుండా" అంది. అందుకే చెప్పాను. గుర్తుంచుకో, నీ వాళ్లకూ చెప్పు. ఎవరామె అని అడిగితే మాత్రం, మా అవ్వ చెప్పలేదను.