కూల్చిన మన్ను

బుల్డోజరు మొదటి పోటుకు ఆరాయి ఇంటి గోడ కదల్లేదు. రెండో పోటుకు మూల విరిగింది. కూతురు అముద చెయ్యి పట్టుకుని చూస్తున్న ఆరాయికి తన వీపే విరిగినట్టయింది.

పగలంతా కాంట్రాక్టరు గోపాలసామి కట్టించే మట్టిగోడల బంగళాలకు చాకిరీ, పొద్దు వాలాక తన ఇంటికి. చెక్కల మధ్య తడిమన్ను పోసి, దిమ్మిసతో కొట్టి కొట్టి, వరస మీద వరసగా లేపిన గోడ అది. అరవనాట ఈ పీలమేడు మిల్లు వెనక తెలుగు కూలీల వాడంతా అట్లాగే ఇళ్ళు కట్టుకుంటోంది. బంగళాలకు దారి ఆ వాడ మీదుగానే కావాలి, అదీ సంగతి.

"మట్టిగోడలు లేపితే అది ఇల్లు కింద లెక్క కాదు. కూల్చడానికి నోటీసు అక్కర్లేదు," అన్నాడు బుల్డోజరుతో వచ్చిన అధికారి అరవంలో.

"బంగళాలూ ఆ మన్నే కదా సార్! కొట్టింది మా చేతులే కదా!" అరిచింది ఆరాయి. ఎవడు వింటాడు?

సాయంత్రం ఆ మట్టికుప్ప దగ్గరే అందరూ చేరారు.

"గోపాలసామి కూడా తెలుగు మాట్లాడేవాడే. పోయి కాళ్ళు పట్టుకుందామా అక్కా?" అన్నాడు జెబరాజ్.

"మాట ఒకటే. మనకి టీ గ్లాసు వేరే కదరా!" కసిరింది ముసలి రామాయి.

"రేపు ఎవరమూ పనికి పోవద్దు, వేల ఆపేద్దాం," అంది ఆరాయి.

"వేల ఆపితే కూడు యాడ వొస్తాది?" అన్నాడు జెబరాజ్.

"ఆపకుంటే ఇల్లు యాడ మిగులుతాది?" అంది ఆరాయి. జెబరాజే ముందుగా తలూపాడు.

పొద్దున బంగళాల దగ్గర దిమ్మిసలు కింద పెట్టి కూర్చున్నారు. గోపాలసామి నవ్వుతూ వచ్చాడు. "మనమంతా ఒకే భాషోళ్ళం కదమ్మా."

"అయితే ఆ భాషలోనే చెప్పు, మా ఇండ్లు ముట్టనని!" అంది ఆరాయి.

నవ్వు ఆరిపోయింది. పోలీసులు దిగారు. ఆరాయినీ జెబరాజ్‌నీ ఇంకొందరినీ ఈడ్చుకుపోయి వ్యానులో పడేశారు. మధ్యాహ్నం వ్యాను కదిలేసరికి ఎక్కడినుంచో తెచ్చిన కూలీలు ఆ దిమ్మిసలే అందుకున్నారు. ఓడిపోయారు, దాచడం దేనికి?

వ్యాను వాడ పక్కగా మలుపు తిరిగింది. దబ్, దబ్ మని చప్పుడు. కూలిన మన్నునే తడిపి, చెక్కల మధ్య పోసి, అముదా రామాయీ వాడ ఆడవాళ్ళూ దిమ్మిస వేస్తున్నారు. ఇదీ కూలుస్తారని ఆరాయికి తెలుసు. వాళ్ళకూ తెలుసు.

ఆమె కిటికీ కమ్ములకు మొహం ఆనించి గొంతు చించుకుంది.

"నీళ్ళు ఎచ్చు పోయొద్దే అముదా! మూలలో గట్టిగా కొట్టండి!"