షేకర్ అడుగున

"పాలు మోరిల పొయ్యకు నవతా, పాపం తగుల్తది. నువ్వు తాగెయ్."

పెళ్లయిన మూడో రోజు పొద్దున మా అత్తమ్మ లింగవ్వ నాతో అన్న మాట ఇది. మా ఆయన సంపత్ జిమ్ నుంచి వచ్చి, పౌడరు కలిపిన పాలు తాగి, షేకర్ టేబుల్ మీద వదిలేస్తాడు. అడుగున పౌడరంతా దిగి, చిక్కగా, మామిడిపండు వాసనతో మిగిలిన ఆ రెండు గుక్కలు అప్పటినుంచీ నావే. సింకు దగ్గర నిలబడి తాగేసి, మూత మరల్లో బ్రష్ పెట్టి తోమి బోర్లిస్తాను. మొగుడి ఎంగిలి తాగడం ఆచారమో ప్రేమో తేల్చుకునే తీరిక నాకెప్పుడూ లేదు. ఏడింటికల్లా వంట ముగించి పక్క ఊరు కిమ్ వెళ్లే రైలు అందుకోవాలి.

కిమ్‌లో తిండి పదార్థాలను పరీక్షించే ల్యాబ్‌లో నా పని. వచ్చిన నమూనాలకు పేర్లు తీసేసి నంబర్లు వేసి లోపలికి పంపుతాను. బీఎస్సీ చదివి చేస్తున్న ఈ పనిని అత్తమ్మ వాడకట్టులో "సీసలు కడిగే నౌకరి" అని చెబుతుంది. వలసొచ్చి మేముంటున్న లింబాయత్‌లో సగం మంది మా ఊరివాళ్లే, మగ్గాల మీద బతికేవాళ్లే. ఒక నోట పడిన మాట సాయంత్రానికి గల్లీ అంతా తిరిగొస్తుంది. నా గడ్డం మీద వెంట్రుకల సంగతీ అలాగే తిరిగింది. ఏడాదిన్నరగా నెలసరి సరిగా లేదు, గొంతు మగగొంతులా బొంగురుపోయింది. "ఆడిదానికి గడ్డమేంది, ఏ జన్మల పాపమో" అని అత్తమ్మ, "నీ ఒంట్లనే ఏదో ఉన్నది" అని సంపత్. పిల్లలు కావడం లేదని వెళితే, మొగుడికీ పరీక్ష చేయించమని డాక్టరమ్మ రాసిచ్చిన చీటీ చూసి అతను చొక్కా చేయి పైకి మడిచి కండ చూపించాడు. "నాకేం తక్కువ?" ఇంజక్షన్లన్నీ నాకే పడ్డాయి. రోజూ రైల్లో అద్దం తీసి గడ్డం పీక్కుంటూ, నిజంగానే నా ఒంట్లో ఏదో దొంగరోగం దూరిందని నేనూ నమ్మాను. నన్ను నేనే అంతగా అనుమానించుకున్నందుకు ఇప్పుడు ఒళ్లు మండుతుంది.

పోయిన నెల ఒక క్రీడా హాస్టల్ వాళ్లు తమ పిల్లలు వాడే పౌడర్లు పరీక్షకు పంపారు. ఏడో నంబరు వేసిన డబ్బా మూత తీయగానే మామిడిపండు వాసన. నల్ల డబ్బా, బంగారు రంగు మూత, తయారీ చిరునామా లేదు. మా వంటింటి అలమరలో ఉన్నదీ ఇదే. మూడు రోజుల తర్వాత మా ల్యాబ్ పెద్దావిడ హేతల్ బెన్ కంప్యూటర్ తెర మీది గీతలు చూస్తూ చెప్పింది, అందులో డబ్బా మీద రాయని మగ హార్మోన్ మందు ఉందని. మగవాళ్లకు కండ వస్తుందట, కానీ పిల్లలు పుట్టే శక్తి తగ్గుతుందట. ఆడవాళ్ల ఒంట్లోకి వెళితే గొంతు మారి, గడ్డం మొలిచి, నెలసరి ఆగుతుందట. ఆవిడ తెర వైపే చూస్తూ మాట్లాడుతోంది. నా చేయి నా గడ్డం మీదికి పోయింది.

మర్నాడు ఇంటి డబ్బాలోంచి రెండు చెంచాలు సీసాలో పోసి తీసుకెళ్లాను. ఫలితం అదే. హేతల్ బెన్ ఫిర్యాదు ఫారం ఒకటి చేతిలో పెట్టి, ఇంట్లో ఎవరు వాడుతున్నారో రాసివ్వమంది. 'వాడేవారు' అన్న గడిలో సంపత్ పేరు రాసి, మిగతాది ఖాళీగా వదిలి సంచీలో పెట్టుకున్నాను. పాపం అతనికీ తెలియదేమో. తెలియకపోతే ఇద్దరం కలిసి మోసపోయినట్టే, కలిసే వైద్యం చేయించుకోవచ్చు. నాకు కావలసింది ఆ ఒక్క సంగతి.

ఆ సాయంత్రం అడిగాను. "ఆ పౌడర్ల ఏమన్న కలుపుతున్నరేమో, ఎరికేనా నీకు?"

"మహేశ్ నా దోస్తు, వాడు గట్లాంటిది అమ్మడు. ఉత్త ప్రొటీన్ అది, పాలల్ల ఉండేదే. నీ ల్యాబ్ పిచ్చి ఇంటికి తేకు." ఫోన్‌లోంచి తల ఎత్తలేదు.

నమ్ముదామనే అనుకున్నాను. రొట్టెలు కాలుస్తుంటే బార్డోలీ నుంచి ఆడపడుచు వచ్చిన రోజు గుర్తొచ్చింది. ఆమె కూతురు మామిడి పాలు కావాలని మారాం చేస్తే, సంపత్ డబ్బా ఎత్తుకెళ్లి అటక మీద పెట్టాడు. "చిన్నపోరికి అరగది." మేనకోడలంటే ఎంత ప్రేమ అని అప్పుడు ముచ్చటపడ్డాను. ఇప్పుడు రొట్టె మాడిన వాసన వచ్చేదాకా అదే ఆలోచన.

ఈ రోజు పొద్దున సంపత్ ఎప్పటిలాగే తాగి, షేకర్ పెట్టి, కుర్చీలో కూర్చుని బూట్ల లేసులు విప్పుకుంటున్నాడు. నేను షేకర్ తీసుకుని, చిక్కుడుకాయలు వలుస్తున్న అత్తమ్మ దగ్గరికి వెళ్లాను.

"అత్తమ్మా, నాకు కడుపుల బాగలేదు. పారబోస్తే పాపం గద, ఇయ్యాల నువ్వు తాగు."

ఆమె చేయి చాచింది. ఆమె తాగాలని కాదు, నేను పట్టు వదలనేలేదు. నా కళ్లు మాత్రం కుర్చీ మీదున్నాయి. కుర్చీ వెనక్కి పడింది. ఒక కాలికి బూటుతోనే వచ్చి సంపత్ మా ఇద్దరి మధ్య నుంచి షేకర్ లాక్కున్నాడు.

"అమ్మా, తాగకు. ఆడోళ్లు తాగేది గాదు అది."

అత్తమ్మ చిక్కుడుకాయ అలాగే పట్టుకుని కొడుకును చూసింది, నన్ను చూసింది, నా గడ్డాన్ని చూసింది.

"మరి కోడలు రోజు తాగుతది గదరా," అంది మెల్లగా.

సింకు ఆ కుర్చీకి నాలుగు అడుగుల దూరం. రెండున్నరేళ్లుగా ఏ ఒక్క పొద్దునా నన్ను ఆపడానికి ఆ నాలుగు అడుగులు నడవలేదు ఈ మనిషి. కోపం వస్తుందనుకున్నాను. ముందు ఏడుపొచ్చింది, నా ఒంటి మీద జాలితో.

అతని చేతిలోంచి షేకర్ తీసుకున్నాను. కడగలేదు. మూత బిగించి సంచీలో పెట్టి, ఫారం బయటికి తీశాను. 'వాడేవారు' అన్న చోట అతని పేరు కింద నా పేరు రాశాను. 'ఎప్పటినుంచి' అన్న చోట రాశాను: పెళ్లయిన మూడో రోజు నుంచి.