తండ్రి పుట్టిన ఊరు

మెర్వ్ టోల్హర్స్ట్ అబద్ధాల మనిషి కాదు. డెబ్బై ఎనిమిదేళ్ళ బతుకులో అతను చెప్పుకోదగ్గ అబద్ధం ఒక్కటే ఆడాడు. కాకపోతే దాన్ని అరవై ఏళ్ళు మోశాడు. చివరికది కూతురి వంటింటి బల్ల మీద, ఎన్నికల ఫారంలో, పెన్ను పట్టుకుని ఎదురొచ్చింది.

కూతురు జెనీన్ వర్రబిల్లా ఆసుపత్రిలో నర్సు. అక్కడ పురుళ్ళ వార్డు మూసేసి రెండేళ్ళయింది. నొప్పులొస్తే నూట ముప్ఫై కిలోమీటర్లు కారులో పోవాలి. పోయిన చలికాలం ఒకావిడ దారి మధ్యలో, గోధుమ లారీలు ఆగేచోట ప్రసవించింది. బిడ్డ దక్కలేదు. కారులో తోడు వెళ్ళి, ఆ బిడ్డను చేతుల్లోకి తీసుకున్నది జెనీనే. ఆ వారమే ఆమె ఏ పార్టీ అండా లేకుండా పార్లమెంటుకి నిలబడతానంది. ఊళ్ళో ఎప్పుడూ ఒకరి మాట ఒకరికి పడని వాళ్ళు కూడా ఈ ఒక్క సంగతిలో ఆమె వెనకే నడిచారు. మెర్వ్‌కి కూతుర్ని చూస్తే ఛాతీ ఉప్పొంగేది.

"నాన్నా, నువ్వు పుట్టింది నారండెరాలోనే కదా?" అంది జెనీన్ ఫారం నింపుతూ.

"కాకపోతే చంద్రమండలంలోనా?" అన్నాడు మెర్వ్, టీ కప్పులోకి చూస్తూ.

"అడక్క తప్పదు. అమ్మానాన్నలు, తాతలు, అందరూ పుట్టిన ఊళ్ళు రాయాలి. ఇంకో దేశం పౌరసత్వం ఉన్నవాళ్ళు పార్లమెంటుకి పనికిరారట. మనం అడిగి తెచ్చుకోకపోయినా సరే, తండ్రి నుంచి దానంతటదే వచ్చినా సరే. గెలిచాక బయటపడిందా, సీటు ఊడిపోతుంది."

"బాగుంది సంబడం," అన్నాడు మెర్వ్. జెనీన్ నారండెరా అని రాసేసింది.

మెర్వ్ పుట్టింది న్యూజిలాండ్‌లో, గోర్ అనే ఊళ్ళో. తండ్రి కలప కోత మిల్లులో ప్రమాదంలో చనిపోతే, తల్లి యూనా మూడేళ్ళ పిల్లవాణ్ణి చంకనేసుకుని సముద్రం దాటి, నారండెరాలో ఉన్న అక్క దగ్గరికి వచ్చేసింది. పద్దెనిమిదో ఏట గొర్రెల ఉన్ని కత్తిరించే పనిలో చేరి యూనియన్ కార్డు రాయించుకుంటుంటే, ఎక్కడ పుట్టావని గుమాస్తా అడిగాడు. నారండెరా అన్నాడు మెర్వ్. అతనికి గుర్తున్న ఊరు అదొక్కటే. అప్పటికది అబద్ధం కూడా కాదు, ఒట్టి బద్ధకం. ఎవడు పట్టించుకున్నాడు కనక!

అది అబద్ధమయింది పంతొమ్మిది వందల ఎనభై మూడులో. న్యూజిలాండ్ నుంచి వచ్చినవాళ్ళు, ఇక్కడివాళ్ళ నోట్లో కివీలు, ఉన్ని కత్తిరించే మిషన్లకి వెడల్పు దువ్వెనల్లాంటి పళ్ళ బ్లేడ్లు బిగించి, ఇక్కడివాళ్ళ కన్నా రోజుకి ముప్ఫై, నలభై గొర్రెలు ఎక్కువ కత్తిరించేవాళ్ళు. వెడల్పు దువ్వెన వస్తే కూలి రేటు పడిపోతుందని యూనియన్ సమ్మె కట్టింది. పది వారాలు. వర్రబిల్లా చుట్టుపక్కల ఉన్ని షెడ్లన్నిటికీ యూనియన్ తరఫున నిలబడ్డవాడు మెర్వ్. ఒక షెడ్డులో ఒక కివీ చేతిలోంచి దువ్వెన లాక్కుని, అతని పెళ్ళాం చూస్తుండగానే చెరువులోకి విసిరేసి, "మీ దేశం పోరా!" అని అరిచాడు. తోటివాళ్ళు మెర్వ్‌ని భుజాల మీదికెత్తుకున్నారు. ఆ రాత్రి అతనికి అన్నం సయించలేదు. సమ్మె ఓడిపోయింది, వెడల్పు దువ్వెనలు వచ్చేశాయి. కానీ ఆ పది వారాలు కలిసి పస్తులున్నవాళ్ళ స్నేహం మాత్రం ఇప్పటికీ చెక్కుచెదరలేదు. అలాంటివాళ్ళకి ఇప్పుడు తను కివీనని ఏ ముఖం పెట్టుకుని చెప్పడం?

తొమ్మిది రోజులు నానబెట్టాడు. పదో రోజు పాత బిస్కట్ల డబ్బా ఒకటి పట్టుకుని ఆసుపత్రికి వెళ్ళాడు. అందులో ఉన్న తన పుట్టుక సర్టిఫికెట్ తీసి జెనీన్ చేతిలో పెట్టాడు. ఆమె రెండుసార్లు చదివింది.

"గోర్ అంటే... న్యూజిలాండ్ గోరా?"

"ఆఁ."

"అంటే నేను పుట్టినప్పట్నుంచీ కివీనా?"

"నీకు తెలీకుండా."

"నీకు తెలిసేగా! అమ్మకి తెలుసా?"

"మీ అమ్మకొక్కదానికే తెలుసు."

"మరి తొమ్మిది రోజుల క్రితం టీ తాగుతూ అడిగితే నోట్లో ఏం పెట్టుకున్నావు నాన్నా? నేను సంతకం పెట్టుంటే? ఆ వార్డు కోసం ఇంతమంది తిరుగుతున్నారే, వాళ్ళ ముఖం ఎలా చూసేదాన్ని?" జెనీన్ ఏడ్చేసింది. కోపం వచ్చినప్పుడు ఆమె తల్లిలాగే ఏడుస్తుంది. మెర్వ్ టోపీ తీసి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. కూతురి ముందు అలా నిలబడటం అదే మొదటిసారి.

నామినేషన్లకి ఇంకా ఆరు వారాలుంది. జెనీన్ ఆ రోజే న్యూజిలాండ్ వాళ్ళకి రాసింది: నాకు మీ పౌరసత్వం వద్దు, తీసేయండి అని. ప్రతి ఉదయం ఆమె ఉత్తరం కోసం చూడటం, రాలేదని తెలిసి మాట్లాడకుండా డ్యూటీకి పోవడం మెర్వ్ చూస్తూనే ఉన్నాడు. ఆ వారాల్లో అతను నాలుగు కిలోలు తగ్గాడు. శుక్రవారం నామినేషన్లకి ఆఖరు రోజనగా, మంగళవారం వచ్చింది ఉత్తరం.

"నిన్నటిదాకా కివీనట, ఇవాళ్టి నుంచి కానట," అంది జెనీన్ నవ్వుతూ. "నాకేం తేడా తెలీలేదు."

మెర్వ్‌కి తెలిసింది. తల్లి యూనా చంకనేసుకుని తెచ్చినదేదో తన మూలంగా పోయిందని దిగులేసింది. పైకి మాత్రం "పీడా పోయింది," అన్నాడు.

"ఇంకోటి నాన్నా. నామినేషన్ పడ్డాక ఆ ఫారం అందరూ చూసేలా నెట్‌లో పెడతారు. నీ ఊరు కూడా ఉంటుంది. సమ్మెలో నీతో ఉన్న డెస్ మామ వాళ్ళు ఫోన్లో చదువుకుని తెలుసుకోవడం కంటే..."

"తెలుసులే," అన్నాడు మెర్వ్.

గురువారం మధ్యాహ్నం ఒకప్పుడు షెడ్లలో కలిసి ఉన్ని కత్తిరించిన ముసలాళ్ళు అయిదుగురూ క్లబ్బులో కలుస్తారు. మెర్వ్, డెస్ క్విల్టీ, టప్పీ, లయల్, బార్నీ. వేయించిన గొర్రె మాంసం, బంగాళాదుంపలు, తలో బీరు. ఆ రోజు మెర్వ్ బీరు ముట్టుకోలేదు. ప్లేట్లు రాకముందే చెప్పేశాడు, పుట్టిన ఊరు, ఏడాది, పడవ పేరుతో సహా.

టప్పీ నవ్వాడు, ఇదేదో జోకనుకుని. ఎవరూ నవ్వకపోయేసరికి ఆపేశాడు.

"ఇంకోసారి చెప్పు," అన్నాడు డెస్.

మెర్వ్ ఇంకోసారి చెప్పాడు.

"నీ వెనక పది వారాలు పస్తులున్నానురా నేను," అన్నాడు డెస్. అరవలేదు. అరిచి ఉంటే మెర్వ్‌కి తేలికగా ఉండేది. "నా పెళ్ళాం పిల్లల్ని తీసుకుని పుట్టింటికి పోయింది. కారు అమ్ముకున్నా. కివీలకి తలొంచకూడదని నువ్వు చెప్తే. నువ్వు!"

"అవును."

"ఇవాళైనా నీ కూతురి సీటు కోసం చెప్పావు. అది నిలబడకపోతే చచ్చేదాకా చెప్పేవాడివా?"

మెర్వ్ కాస్త ఆలోచించాడు. "చెప్పేవాణ్ణి కాదు," అన్నాడు.

"చూశారా!" అన్నాడు డెస్ మిగతావాళ్ళతో. "కనీసం సిగ్గుండాలి మనిషికి."

మాంసం వచ్చింది. ఎవరూ ఫోర్కు ఎత్తలేదు. టప్పీ తన ప్లేటు పక్కకి జరిపాడు.

"ఓటు పెడదాం," అన్నాడు. "తడా, పొడా?"

వాన పడ్డ మర్నాడు షెడ్డులో చేసే పని అది. తడి గొర్రెల్ని కత్తిరిస్తే కీళ్ళు పట్టేస్తాయి, జ్వరాలొస్తాయి. అందుకని తలా రెండు గొర్రెల్ని కత్తిరించి, చీటీ మీద తడి అనో పొడి అనో రాసి టోపీలో వేస్తారు. ఎక్కువ చీటీలు ఏదంటే అదే. తడి అంటే ఆ రోజుకి పని లేదు. ఎవడేం రాశాడో ఎవడూ అడగడు, ఎవడూ చెప్పడు. పేచీలు ఉండకూడదంటే అదొక్కటే దారి.

"పొడి అంటే వీడు ఈ బల్ల దగ్గరే ఉంటాడు," అన్నాడు టప్పీ. "తడి అంటే లేచి వెళ్ళిపోతాడు. మళ్ళీ రాడు. అంతేనా?"

"అంతే," అన్నాడు డెస్.

గ్లాసుల కింద పెట్టే అట్టలు చింపి బార్నీ తలా ఒక ముక్క పంచాడు. మెర్వ్ ముందు కూడా ఒకటి పెట్టాడు.

"నాకెందుకు?"

"షెడ్డులో ఉన్న ప్రతివాడికీ ఓటుంది. నువ్వే కదట్రా మాకు నేర్పింది," అన్నాడు బార్నీ.

ఒకే పెన్సిలు చేతులు మారింది. లయల్ టోపీ తిరగేసి పట్టాడు. డెస్ తన ముక్కను చేత్తో మూసుకుని, బడిపిల్లాడిలా వంగి రాశాడు. టప్పీ కళ్ళజోడు పెట్టుకుని ఒక్కొక్కటీ తీశాడు.

"పొడి. పొడి." మూడోది తీసి కాస్త ఆగాడు. "తడి." తర్వాత, "పొడి." టోపీ అడుగున చివరిది అంటుకుపోయింది. గోటితో లాగాడు. "పొడి."

లయల్ టోపీ నెత్తిన పెట్టుకున్నాడు. అందరి చూపూ డెస్ మీదికి పోయింది. పోక ఏం చేస్తుంది? ఇంతసేపూ తిట్టింది అతనొక్కడే. డెస్ ఎవరి వంకా చూడలేదు. కత్తి తీసుకుని మాంసం కోసుకోవడం మొదలుపెట్టాడు. ఆ తడి నాది కాదని మాత్రం అనలేదు.

మెర్వ్ ఫోర్కు అందుకుని, మళ్ళీ కింద పెట్టేశాడు.

"డెస్," అన్నాడు చివరికి. "ఆ తడి చీటీ వేసింది నేనురా."

డెస్ నోట్లో ముద్ద నమిలి మింగేదాకా ఆగాడు.

"షెడ్డులో ఓటు బయటికి చెప్పకూడదురా కివీ," అన్నాడు. "ఆ మాత్రం కూడా తెలీదా నీకు?"