నీలిచార రొయ్యలు

పింగ్‌తుంగ్‌లో సోయాపాల కొట్టు కట్టేసి ఇంటికి రాగానే సూహుయి ముందు గాజుతొట్టి దగ్గరికే వెళ్ళేది. ఉడికించిన మల్బరీ ఆకు వేసేది, నీళ్ళ వేడి చూసేది, రంగు తేలిపోయిన రొయ్యపిల్లల్ని పక్కతొట్టిలోకి మార్చేది. ఎర్ర రొయ్యల వీపు మీద సన్నటి నీలిచార నిలబెట్టడానికి ఆమె వయసు సగం ఆ తొట్టి ముందే కరిగిపోయింది. మధ్యాహ్నపుటెండ కిటికీలోంచి పడేవేళకి రొయ్యలు నీళ్ళలోంచి లేచి గదిగాలిలో ఈదేవి. అంతసేపూ ఫ్యాను ఆపేవారు. ఎదురింటి లిన్ అత్త కబుర్లకొస్తే, జుట్టు మీద వాలినవాటిని చెదరగొట్టకుండా మెల్లగా టీ తాగేది.

పెద్దల సమాధులు శుభ్రం చేసే పండక్కి అత్తవారి ఊరు వెళుతూ సూహుయి తొట్టిని చెల్లెలు వాన్‌రుకి అప్పగించింది. వాన్‌రుకి అక్వేరియం చేపల దుకాణం ఉంది, పైగా తోడబుట్టింది. తిరిగొచ్చేసరికి గుడ్లు మోస్తున్న తల్లి రొయ్య ఒక్కటీ లేదు. నీళ్ళు చెడి చచ్చిపోయాయని చెల్లెలు వెక్కివెక్కి ఏడిస్తే, సూహుయి తన ఏడుపు దిగమింగి దాన్నే ఓదార్చింది.

వానలకు ముందు కావోషుంగ్‌లో రొయ్యల పోటీ పెట్టారు. చూడ్డానికి వెళ్ళిన సూహుయికి మొదటి బహుమతి తొట్టిలో తన నీలిచారలే కనిపించాయి. కింద చెల్లెలి పేరుంది.

"నువ్వెలాగూ ఎవరికీ చూపించవు కదక్కా," అంది వాన్‌రు గొంతు తగ్గించి. "నీకు పేరెందుకు?"

రొయ్యలు పోయినందుకన్నా, ఆ దొంగకన్నీళ్ళు తన చేత్తో తుడిచినందుకే సూహుయికి ఎక్కువ మండింది.

తర్వాతి వారం ఒక మధ్యాహ్నం, వాన్‌రు దుకాణంలోని తల్లి రొయ్యలు గుడ్లతో సహా గాలిలోకి లేచి, బారుగా వీధి దాటాయి. కూడలిలో స్కూటర్లు ఆగి దారిచ్చాయి. అవి సూహుయి కిటికీలోంచి లోపలికొచ్చాయి. వెనకాలే వల పట్టుకుని, రొప్పుతూ వాన్‌రు మెట్లెక్కి వచ్చింది. ఒసాకా నుంచి రొయ్యల పెంపకందార్లు వచ్చారని, ఇవాళే చూపించకపోతే పరువు పోతుందని బతిమాలింది.

ఆ మాట పూర్తవకముందే గాలిలోనే గుడ్లు పగిలాయి. నలకలంత పిల్లలు వాన్‌రు ముఖం మీద, చేతుల మీద వాలిపోయాయి. పిల్లలు వాలితే అవి దిగిందాకా కదలకూడదని ఆ వీధిలో అందరికీ తెలుసు. వాన్‌రు ఉన్నచోటే బిగుసుకుపోయింది.

ఆమె సంచీలో ఫోను మోగింది.

"ఎత్తకక్కా," అంది పెదవులు కదలకుండా.

సూహుయి ఎత్తింది. "వాన్‌రు గారేనా?" అన్నారు అవతల ఒసాకా వాళ్ళు.

"కాదండీ. వాళ్ళక్కని, సూహుయిని. నీలిచారని పుట్టించింది నేను. చూడాలంటే మా ఇంటికి రండి."

చెప్పాక గెలిచినట్టు ఏమీ అనిపించలేదు. చెల్లెలి కళ్ళు తనకేసే చూస్తున్నాయి. ఆ చూపులో సిగ్గుందో కోపముందో వెతకలేదు.

పొద్దువాలాక పిల్లలు నీళ్ళలోకి దిగాయి. వాన్‌రు చెప్పులేసుకుంటూ గుమ్మంలో జాగు చేసింది. తిని వెళ్ళమనే మాట సూహుయి నాలిక చివరిదాకా వచ్చింది. అనలేదు. అడుగుల చప్పుడు కింది మెట్టుదాకా విని, తలుపేసుకుంది.